సముద్రం ఎడమ పక్కనే ఉండాలి

సియాటిల్
1975 మే 4

ప్రియమైన లోలోకి,

మీ ఆరోగ్యం ఎలా ఉందని అడగను. అడిగితే "ఇంజను బాగుంది" అని రాస్తారు. అది మీ గురించో మీ బండి గురించో మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ తేలలేదు. మా తాత పోయాక ఆయన అన్నగారైన మీరొక్కరే మాకు మిగిలిన లోలో కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

ఈ ఆగస్టులో ఇంటిల్లిపాదీ పసిఫిక్ తీరం వెంబడి కారులో వెళ్లాలి. అమ్మ ఒప్పుకుంది. మీ మరదలు, అంటే మా నానమ్మ లోలా ఇలుమినాడా అయితే "నలభై ఏళ్లుగా ఈ సముద్రపు చేపలే కోస్తున్నాను, ఒక్కసారీ కూచుని దాని మొహం చూడలేదే" అంది. చెల్లి లూజ్ ఇప్పుడే పెట్టె సర్దుకుంది. మా నలుగురిలో ఎవరికీ డ్రైవింగ్ రాదు. నాకు రాకపోవడం చేతకానితనం కాదు, సిద్ధాంతం. మనిషికో కారు అన్న చోట మనిషికో గోడ లేస్తుందని చదివాను, నమ్మాను, బస్సెక్కుతున్నాను. కానీ ఆరుగురు పట్టే కారులో అయిదుగురు వెళితే అది బస్సు కిందే లెక్క. ఆ బస్సుకి డ్రైవరు మీరు.

పథకం ఇది. లోపలి పెద్ద రోడ్డు మీదుగా మీరు బండి ఇక్కడికి తోలుకు రండి. ఇక్కణ్ణించి అందరం తీరం రోడ్డున దక్షిణానికి దిగుదాం. బండ్లు కుడి పక్కన నడిచే దేశం కదా, దక్షిణానికి వెళ్లేవాళ్లకే సముద్రం పక్క వరస దక్కుతుంది. ఉత్తరానికి వెళితే కొండ పక్క. మనవాళ్లని జీవితమంతా గోడ పక్కనే నిలబెట్టారు. ఈసారి మనం అంచున వెళ్లాలి, అద్దాలు దించుకుని!

మ్యాపు మీద ఎర్ర సిరాతో గుర్తులు పెట్టాను. వెంటనే జవాబు రాయండి.

మీ మనవరాలు,
రెమీ


గ్వాడలూపే, కాలిఫోర్నియా
మే 15

రెమీ అమ్మడూ,

అందరూ అన్నం తిన్నారా? నేను తిన్నాను, ఎండుచేపా టమాటా ముక్కలూ. ఇక్కడ స్ట్రాబెర్రీ కోతలు జోరుగా ఉన్నాయి. ఇంజను బాగుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఆకలేసింది. వెయ్యి మైళ్ల పైన ప్రయాణం రాశావు, ఎక్కడా భోజనం మాట లేదు. మీ కరపత్రాలు రాసేవాళ్లకి పొట్టలుండవా?

ప్రయాణానికి సరే. నేనే తోలడానికి మరీ సరే. సెప్టెంబరులో నా లైసెన్సు గడువు తీరుతుంది. ఈ వయసులో కొత్తది ఇస్తారో ఇవ్వరో, కాబట్టి ఇదే నా ఆఖరి పెద్ద ప్రయాణం అనుకో. అందుకని ఒక్క షరతు. మీరే బస్సులో ఇక్కడికి రండి. ఇక్కణ్ణించి ఉత్తరానికి పోదాం. సముద్రం ఎడమ పక్కనే ఉండాలి. ఈ ఒక్కదానిమీద వాదించకు.

దారిలో ఆగాల్సిన చోట్లు నేను రాస్తాను. మా తరంలో మన దీవుల నుంచి ఈ దేశానికి ఆడపిల్లలు ఎందరొచ్చారు గనక? పెళ్లి కాని మాలాంటివాళ్లందరినీ, పిల్ల పుట్టిన ప్రతి ఇంటివాళ్లూ పట్టుకుని చర్చిలో బాప్తిస్మానికి జ్ఞానతండ్రులుగా నిలబెట్టారు. పిస్మో మొదలు అస్తోరియా దాకా నాకు పద్నాలుగు మంది జ్ఞానబిడ్డలు. ఒకరింటి ముందు ఆగి ఇంకొకరింటి ముందు ఆగలేదంటే ఆ మాట మనకంటే ముందు సియాటిల్ చేరుతుంది. అందరికీ కార్డులు వేసేశాను.

ఆగస్టులో పొద్దున్నే బయల్దేరాలని నీ మ్యాపు మీద రాశావు. అక్కడ పొగమంచు పది దాటితే గాని లేవదు. సిద్ధాంతం చెప్పినా లేవదు.

చర్చి గేటు ఈమధ్య వంకరగా పెట్టారు. బండి కుడి అద్దం విరిగింది. కొత్తది వేయించాను.

ఇట్లు,
ఫౌస్టినో అగ్బయానీ గలినాటో


సియాటిల్
మే 22

ప్రియమైన లోలోకి,

పద్నాలుగు ఇళ్లా! లోలా ఇలుమినాడా మీ ఉత్తరం విని "మీ లోలో సముద్రం చూపించడు, పద్నాలుగు వంటిళ్లు చూపిస్తాడు" అంది. నేను మాత్రం నవ్వే స్థితిలో లేను. ఎందుకంటే నాకొకటి దొరికింది.

మా కమ్యూనిటీ హాలులో పాత కరపత్రాల పెట్టె ఉంది. అందులో, సలినాస్ లోయలో లెట్యూస్ కూలీలు చేసిన ఒక సమ్మె గురించి నాలుగు పేజీలు. నలభై ఏళ్ల కిందటిది. శిబిరం తగలబెట్టారని, కూలీలు లారీలో తప్పించుకున్నారని ఉంది. కింద ఈ వాక్యం: "సమ్మె నాయకుడు ఎఫ్. గలినాటో, మరి పదిహేడు మంది."

లోలో! నేను ఎవరెవరివో జీవితాలు చదివి రాత్రుళ్లు నిద్రపోకుండా ఉడికిపోయానే, మా ఇంట్లోనే ఒక నాయకుడున్నాడని ఎవరూ చెప్పలేదే! క్రిస్మస్‌కి వచ్చి నూడుల్స్‌లో ఉప్పు తక్కువైందని చెప్పడం తప్ప మీరు ఇంకేమీ చెప్పలేదే!

కాబట్టి మన ప్రయాణం ఆ శిబిరం దగ్గర ముగియాలి. మీరు అక్కడ నిలబడి మాట్లాడాలి. రెండు వందల కాగితాలు అచ్చు వేశాను, సలినాస్‌లో ఉన్న మా మిత్రులు పంచుతారు. ఉత్తరం నుంచి దిగుతూ, సముద్రం అంచునే వచ్చి అక్కడ ఆగడం ఎంత బాగుంటుందో ఆలోచించండి. దిక్కు మార్చడం కుదరదు.

గర్వంతో,
రెమీ


గ్వాడలూపే
జూన్ 3

రెమీ అమ్మడూ,

అన్నం తిన్నారా? నేను తిన్నాను.

నేను నాయకుణ్ణి కాను. ఆ కాగితాలు పంచవద్దని నీ మిత్రులకి చెప్పు. ఆ చోట ఇప్పుడు టైర్ల కొట్టూ దాని ముందు సిమెంటు నేలా ఉన్నాయి. సిమెంటుకి ఉపన్యాసం ఎందుకు?

జ్ఞానబిడ్డల జవాబులు వచ్చాయి. పిస్మోలో నార్మా కొబ్బరి పాలతో పీతలు వండుతుంది. వాట్సన్‌విల్‌లో ఫ్రెడ్డీ పందిని కాలుస్తానన్నాడు, వద్దంటే ఏడుస్తాడు. యురేకాలో చిన్న అడెలా ఇంటికి మనం వెళ్లకపోతే వాళ్లమ్మ నన్ను సమాధిలోంచి తిడుతుంది. లోలాతో చెప్పు, చేపల ఊరగాయ సీసా తెచ్చుకుంటే తెచ్చుకోమను, కానీ బండిలో మూత తియ్యకూడదు. పోయినసారి తీసినప్పటి వాసన సీట్లలో ఇంకా ఉంది.

వీధిలో ఎవరో పోస్టు డబ్బాని రోడ్డు మీదకి జరిపారు. కుడి దీపం పగిలింది, మార్చాను. పక్కింటి మచాడో ఆవిడ కోడి కూడా అటునుంచే వచ్చింది. ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు. నా పాత స్నేహితుడు డొమింగో కూడా మాట్లాడ్డం లేదు. మంగలి షాపులో నా పక్కనే అరగంట కూచున్నాడట, నేను పలకరించలేదట. కూచున్నవాడు దగ్గొచ్చు కదా?

ఉత్తరానికే. సముద్రం ఎడమ పక్కనే.

ఇట్లు,
ఫౌస్టినో అగ్బయానీ గలినాటో


సియాటిల్
జూన్ 9

లోలోకి,

కోపంగా ఉన్నాను. దాచను.

మీరు చేసిన పనిని మీరే కాదంటున్నారు. పీతల గురించి ముప్పావు పేజీ, తగలబడ్డ శిబిరం గురించి మూడు వాక్యాలు! నాకిప్పుడు అర్థమవుతోంది. దక్షిణానికి వస్తే ఆ చోటుకి ఎదురుగా రావాలి. అందుకే ఈ దిక్కు గొడవ. ఉత్తరానికయితే పందీ పీతల మధ్య చల్లగా దాటేయొచ్చు. మీకు భయం, లోలో. నలభై ఏళ్ల కిందట మిమ్మల్ని తరిమినవాళ్లు ఎప్పుడో పోయారు. మీరు మాత్రం ఇంకా కొండ పక్కకి ఒదిగి ఒదిగి తోలుతున్నారు.

ఇంకోమాట. సొంత మనవరాలికి రాసే ఉత్తరం కింద కూడా మూడు ముక్కల పూర్తి పేరు! ఏ దొరకి హాజరు చెప్పుకుంటున్నారు?

నేను రాసింది అమ్మ చదివితే చింపేస్తుంది. అందుకే చదవనివ్వకుండా పోస్టు చేస్తున్నాను.

రెమీ


గ్వాడలూపే
జూన్ 16

రెమెడియోస్,

ప్రయాణం వద్దు. జ్ఞానబిడ్డలకి మళ్లీ కార్డులు వేస్తున్నాను. నువ్వు మీ అమ్మనీ లోలానీ బస్సులో ఎక్కడికైనా తీసుకెళ్లు. బస్సు మంచిదని నువ్వే అంటావుగా.

ఫౌస్టినో అగ్బయానీ గలినాటో


సియాటిల్
జూన్ 25

ప్రియమైన లోలోకి,

అన్నం తిన్నారా? మీ పోయిన ఉత్తరంలో మీరు అడగలేదు. ఆ ఒక్క మాట లేదని లోలా ఇలుమినాడా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చేపలు శుభ్రం చేస్తూ "ఏం రాశావో చదువు" అంది. చదివాను. "ఆయనేం రాశాడో అదీ చదువు. మొదటినుంచీ." అన్నీ చదివాను. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"ఒసేయ్, నువ్వు కాలేజీలో ఏం చదివావే?"

"ఏమైంది?"

"కుడి అద్దం. కుడి దీపం. మరి ఎడమ పక్క ఏదీ విరగదేమే ఆ బండికి?"

లోలో, ఉత్తరాలన్నీ వంటింటి బల్ల మీద పరిచాను. గేటు. పోస్టు డబ్బా. "అటునుంచే" వచ్చిన కోడి. డొమింగో మంగలి షాపులో ఎటు కూచున్నాడో నాకిప్పుడు తెలుసు. సముద్రం ఎందుకు ఎడమ పక్కనే ఉండాలో కూడా తెలుసు. దక్షిణానికి వస్తే ఆ అంచంతా మీ కుడికంటి వైపు పడుతుంది.

మీకు భయం అని రాశాను. భయమే. కానీ మీరు భయపడింది మా నలుగురినీ ఆ అంచున తోలడానికి. నేను మాత్రం చరిత్ర గురించి అనుకున్నాను. నా చెంప నేనే వాయించుకున్నాను. నిజంగానే. లూజ్ చూసింది, ఆనందించింది.

క్షమించమని అడుగుతున్నాను. కానీ కోపం పూర్తిగా పోలేదు. కనపడని కంటితో మమ్మల్ని వెయ్యి మైళ్లు తీసుకెళదామనుకున్నారా? చెప్పాలి కదా! చెబితే మేమేం చేస్తామనుకున్నారు?

ప్రయాణం జరుగుతుంది. ఉత్తరానికే. నేను తోలతాను. లోలా పనిచేసే ఫ్యాక్టరీలో చేపల వ్యాను తోలే పసింగ్ అత్త నిన్నటినుంచి నేర్పిస్తోంది. నా సిద్ధాంతం అంతా విని "క్లచ్ మీద కాలుంచి మాట్లాడు" అంది.

జ్ఞానబిడ్డలకి కార్డులు వెయ్యకండి. వేసుంటే మళ్లీ వెయ్యండి.

మీ మనవరాలు,
రెమీ


గ్వాడలూపే
జూలై 3

రెమీ అమ్మడూ,

అన్నం తిన్నారా? నేను తిన్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు తినలేదు, మర్నాడు రెండు పూటలదీ కలిపి తిన్నాను.

కుడి కన్ను ఫిబ్రవరి నుంచి లేదు. ముందు పొగమంచు అనుకున్నాను. ఇక్కడ పొగమంచుకి కొదవా? మధ్యాహ్నమైనా లేవకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇక రాదన్నాడు. ఎడమది బాగుందన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు, నేను టోపీ పెట్టుకుని వచ్చేశాను. కొండ పక్కన తోలితే సరిపోతుందనుకున్నాను. తప్పే. నీ ఉత్తరం చదివిన సాయంత్రమే తాళం చెవి నార్మాకి ఇచ్చేశాను. కోడి పోయినప్పుడే ఇవ్వాల్సింది.

ఎందుకు చెప్పలేదని అడిగావు. నువ్వు నా సంతకం గురించి కూడా అడిగావు. రెండింటికీ జవాబు ఒక్కటే.

మేం వచ్చిన కొత్తలో పొలంలో మమ్మల్నందరినీ "బాయ్" అనేవారు. నెరిసిన జుట్టువాణ్ణీ బాయ్ అనే. మేస్త్రీ పుస్తకంలో మాకు పేర్లుండేవి కావు, అంకెలుండేవి. నేను పదమూడు. ఆ తర్వాత లారీ తోలడం నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. లైసెన్సు ఆఫీసు కిటికీలోంచి గుమాస్తా "పూర్తి పేరు?" అన్నాడు. ఈ దేశంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. మూడు ముక్కలూ చెప్పాను. మూడూ టైపు చేసి ఇచ్చాడు. దొరకి హాజరు కాదే అమ్మడూ. అప్పటినుంచీ ఎక్కడ సంతకం పెట్టినా ఒక్క ముక్క కూడా వదలబుద్ధి కాలేదు. ఆ కాగితం లేకుండా నేను మళ్లీ పదమూడో నంబరునే అనిపించింది.

ఇప్పుడు నీ కరపత్రం సంగతి. సమ్మె నడిపింది మా వంటవాడు సిక్స్‌టో. పొట్టివాడు, గొంతు గంట. చారు పోస్తూ మాట్లాడేవాడు, గిన్నె పట్టుకున్నవాడు వినక చస్తాడా? శిబిరం తగలబడ్డ తెల్లవారుజామున పద్దెనిమిది మందిమి లారీలో పడ్డాం. ఊరి పొలిమేరలో పోలీసులు ఆపి కాగితాలు అడిగారు. కాగితం ఉన్నది నా ఒక్కడికే. "ఎఫ్. గలినాటో, మరి పదిహేడు మంది" అని రాసుకుని వదిలేశారు. ఆ రాతే నీ కరపత్రానికి ఎక్కింది. సిక్స్‌టో నా పక్కనే కూచుని ఉన్నాడు, వాడు ఆ పదిహేడులో కలిసిపోయాడు. ఇంటిపేరు నాకూ గుర్తులేదు. నాయకుడని నన్నంటే నేను వాడి కుర్చీలో కూచున్నట్టు ఉంటుంది. అందుకే వద్దన్నాను.

టైర్ల కొట్టు దగ్గర ఆగొద్దు. శాంతాక్రూజ్ దాటాక ఒక మలుపుంది, అక్కడ ఆగు. అక్కడ ఒక పోర్చుగీసు పాడివాళ్ల ఆవిడ మా మొహాలు చూసి ఏమీ అడక్కుండా రెండు క్యాన్ల పాలు ఇచ్చింది. మాలో ఎవరికీ పాలు పడవు. మర్యాదకి అందరం తాగేశాం. ఆ తర్వాత పద్దెనిమిది మంది విప్లవకారులు ప్రతి రెండు మైళ్లకీ లారీ ఆపమన్నారు. సిక్స్‌టో పొదలోంచి అరిచాడు: "పోలీసులు ఇప్పుడు పట్టుకుంటే చరిత్ర మనల్ని క్షమించదు!" ఇది కూడా నీ కరపత్రంలో వెయ్యి.

ఇట్లు,
ఫౌస్టినో అగ్బయానీ గలినాటో


సియాటిల్
జూలై 28

ప్రియమైన లోలోకి,

అన్నం తిన్నారా? మేం తిన్నాం.

రెండు వందల కాగితాలూ సలినాస్ నుంచి వెనక్కి తెప్పించాను. అన్నిటిమీదా మీ పేరు ముందున్న "నాయకుడు" కొట్టేసి, చేత్తో రాశాను: "నాయకుడు సిక్స్‌టో, వంటవాడు. లారీ తోలినవాడు ఫౌస్టినో అగ్బయానీ గలినాటో. మిగిలిన పదహారు మంది పేర్లు తెలిసినవారు చెప్పండి." లూజ్ యాభై రాసింది, అందులో ఇరవైలో తప్పులున్నాయి, అవి దిద్దాను. ఇవి సిమెంటు దగ్గర కాదు, మీ పద్నాలుగు ఇళ్లలో ఇస్తాను. ఆ పదహారు మందిలో ఒకడి పేరైనా ఏదో ఒక వంటింట్లో దొరుకుతుందని నా నమ్మకం. చరిత్ర అంతా వంటిళ్లలోనే ఉందని నాకు ఇంతవరకూ ఏ కరపత్రమూ చెప్పలేదు. ఇకమీద నేను చెబుతాను.

డ్రైవింగ్ పరీక్షలో మొదటిసారి తప్పాను. ఆగాల్సిన చోట ఆగలేదని ఆ అధికారి అంటే, ఆగమని ఎవరు నిర్ణయించారని అడిగాను. పసింగ్ అత్త నన్ను చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. రెండోసారి నోరు మూసుకుని తోలాను. నెగ్గాను. కిటికీ దగ్గర గుమాస్తా "పూర్తి పేరు?" అంది. రోజుకి వందమందిని అడిగే మాటే. నాకు మీ గుమాస్తా గుర్తొచ్చాడు. ఆవిడ మళ్లీ అడగాల్సి వచ్చింది.

ఆగస్టు 9న బస్సు దిగుతాం. పన్నెండో తేదీ ఉదయం పది దాటాక, పొగమంచు లేచాక, బయలుదేరదాం. లోలా ఊరగాయ సీసా తెస్తోంది. మూత విషయంలో నేను హామీ ఇవ్వలేను.

ఇట్లు,
రెమెడియోస్ బల్మోరెస్ గలినాటో


గ్వాడలూపే
ఆగస్టు 2

రెమీ అమ్మడూ,

అన్నం తిన్నారా? ఇక్కడికొచ్చాక మళ్లీ తినాలి, కాస్త తగ్గించి తినండి.

బండి కడిగాను. నార్మా మొగుడు నూనె మార్చాడు, నేను పక్కన నిలబడి తప్పులు పట్టాను. కుడి పక్క గీతలకి రంగు వేయించబోయి మానేశాను, చూపించి కథ చెప్పడానికి ఉంటాయి. మచాడో ఆవిడకి కొత్త కోడి కొనిచ్చాను. డొమింగో ఎడమ పక్కకి మారి కూచుంటున్నాడు, తెగ మాట్లాడుతున్నాడు, మునుపే నయం.

సియాటిల్ చేరాక బండి నీ దగ్గరే ఉంచుకో. నేను బస్సులో తిరిగొస్తాను. మీ సిద్ధాంతాన్ని ఒకసారి నేనూ ఎక్కి చూస్తాను. ఆ బండిలో ఒక్కదానివే ఎప్పుడూ వెళ్లకు, సీట్లు నింపుకుని వెళ్లు. అప్పుడు నీకూ తప్పుండదు, దానికీ పొద్దుపోతుంది.

రెండో గేరు కాస్త మొండిది. తిట్టకు, బుజ్జగించు. మలుపుల్లో హారను కొట్టు. నేను ముందు సీట్లో నీ కుడి పక్కన కూచుంటాను, మాట్లాడను. మాట్లాడతాను, కొంచెం.

ఒకటి ఆలోచించాను. ఆ రోడ్డున ఎన్నిసార్లు తోలానో లెక్క లేదు. ఎప్పుడూ చూపు రోడ్డు మీదే, సముద్రం ఉందని వాసన బట్టి తెలిసేది. ఈసారి ఉత్తరానికి పోతుంటే కొండంతా నా గుడ్డికంటి పక్క పడుతుంది. పోతే పోనీ, కొండని చాలా చూశాను. ఎడమ కంటికి మాత్రం ముందు నువ్వు, నీ వెనకాల సముద్రం. వెయ్యి మైళ్లూ.

జాగ్రత్తగా రండి.

లోలో